గడువు ఎవరికి, శాశ్వతం ఎవరికి

ఆ సోమవారం మా కార్యాలయంలో పని నత్తనడకన సాగింది. రెండు రోజుల ముందు, 2025 ఫిబ్రవరి 1న, కేంద్ర బడ్జెట్‌లో పన్నెండు లక్షల రూపాయల దాకా ఆదాయపు పన్ను ఉండదని ప్రకటించారు. అందరూ లెక్కల్లో మునిగిపోయారు. పాత విధానంలో ఎంత, కొత్త విధానంలో ఎంత, నెలకు చేతికి ఎంత ఎక్కువ వస్తుంది! నేనూ లెక్క వేసుకున్నాను. సంతోషించాను కూడా, అందులో దాచవలసింది ఏమీ లేదు. అప్పుడే మా గదులు ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి నన్ను అడిగింది: "ఏదో పన్ను తగ్గించారంటున్నారు కదమ్మా, మాకేమైనా కలిసొస్తుందా?"

"మీకు పన్నే లేదు కదా" అనబోయి ఆగిపోయాను. అది నిజం కాదు. సబ్బు కొన్నప్పుడల్లా, ఫోను రీచార్జి చేయించుకున్నప్పుడల్లా ఆమె పన్ను కడుతూనే ఉంది. కట్టినట్టు ఆమె చేతికి ఎవరూ కాగితం ఇవ్వరు, అంతే తేడా. ఆ పూటకు "కనుక్కుని చెబుతాను" అని తప్పించుకున్నాను. కనుక్కోవడం మొదలుపెట్టాక ఒక్క బడ్జెట్‌తో, ఒక్క దేశంతో ఆగలేకపోయాను.

ఎన్నికల వేళ పన్ను తగ్గించారని వింటే ఇప్పుడు నా కళ్ళు ముందుగా గడువు కోసం వెతుకుతాయి. ఏ తగ్గింపుకు చివరి తేదీ పెట్టారు, దేనికి పెట్టలేదు? దేన్ని పోలింగుకు ముందు డప్పు కొట్టి చెప్పారు, దేన్ని ఓట్లు లెక్కపెట్టాక తెచ్చారు? శాతాల పట్టికలు చెప్పని సంగతిని ఈ తేదీలు చెబుతాయని నా నమ్మకం.

ముందు ఆ బడ్జెట్ సంగతే చూద్దాం. ఈ ప్రతిపాదనల వల్ల ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్ల రూపాయలు, పరోక్ష పన్నుల్లో 2,600 కోట్ల రూపాయలు ప్రభుత్వం వదులుకుంటోందని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రసంగంలోనే చెప్పారు. మొదటి అంకె ఆదాయం మీద పన్ను కట్టే నాది, రెండోది సరుకుల మీద పన్ను కట్టే మా గదులు ఊడ్చే ఆమెది. పన్నెండు లక్షల ఆదాయం ఉన్నవారికి 80,000 రూపాయలు, పాతిక లక్షలు ఉన్నవారికి 1,10,000 రూపాయలు మిగులుతాయని కూడా అదే ప్రసంగం చెప్పింది. ఏడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి కొత్త విధానంలో 2023 నుంచే పన్ను లేదు, కాబట్టి వారికి కొత్తగా మిగిలింది సున్నా. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నమోదైన ఓటర్లు 96.88 కోట్ల మంది. ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవారి సంఖ్య అందులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. రిటర్ను వేసినవారిలోనూ సగానికి పైగా చివరికి కట్టవలసిన పన్నేమీ ఉండదు. బడ్జెట్ వచ్చిన నాలుగు రోజులకు ఢిల్లీ శాసనసభకు పోలింగ్ జరిగింది. ఆ పోలింగ్ కోసమే ఇదంతా చేశారని నేను అనను. దేశంలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఎన్నిక ఉంటూనే ఉంటుంది. నన్ను కలవరపెట్టేది వేరు. ఇంత పెద్ద ఓటర్ల సమూహంలో ఇంత చిన్న వర్గానికి దక్కిన ఊరట "ప్రజలకు ఊరట" అన్న పేరుతో పత్రికల మొదటి పేజీకి ఎక్కింది.

ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఏడాది 2019. ఆ ఫిబ్రవరి 1న, అప్పట్లో ఆర్థిక శాఖ చూస్తున్న పీయూష్ గోయల్ మధ్యంతర బడ్జెట్ ప్రవేశపెట్టారు. పన్ను పడే ఆదాయం అయిదు లక్షల లోపు ఉన్నవారికి పూర్తి రిబేటు ఇస్తున్నామని, మూడు కోట్ల మంది మధ్యతరగతి వారికి 18,500 కోట్ల రూపాయల మేలు జరుగుతుందని చెప్పారు. భాగించి చూస్తే సగటున మనిషికి ఏడాదికి ఆరు వేల పైచిలుకు. ఏప్రిల్ 11న పోలింగ్ మొదలైంది, మే 23న ఫలితాలు వచ్చాయి. సెప్టెంబరు 20న మరో ప్రకటన వెలువడింది. మినహాయింపులు వదులుకునే దేశీయ కంపెనీలకు కార్పొరేట్ పన్ను 22 శాతమే, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతమే. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఆ ఒక్క రోజులో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 1,921 పాయింట్లు ఎగిసింది.

ఈ రెండు అంకెలను నేను చాలాసార్లు పక్కపక్కన రాసి చూసుకున్నాను. పోలింగుకు ముందు 18,500 కోట్లు. ఫలితాలు వచ్చిన నాలుగు నెలలకు 1,45,000 కోట్లు. దాదాపు ఎనిమిది రెట్లు. పెట్టుబడులు రావాలంటే పోటీ దేశాలతో సమానంగా పన్ను ఉండాలన్న వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. అప్పటికి ఆర్థిక వృద్ధి మందగించిన మాటా నిజమే. ఎన్నికల ముందు ఇచ్చిన రిబేటును తర్వాత వెనక్కి తీసుకోలేదన్నదీ నిజమే. అయినా ఓటరు బూత్ లోపలికి వెళ్ళినప్పుడు అతని ముందున్నది ఆ చిన్న అంకె ఒక్కటే. పెద్ద అంకె గురించి అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు. అంత భారీ నిర్ణయం మంచిదే అయితే దాన్ని ఎన్నికల సభల్లో చర్చకు పెట్టి, ఒప్పించి, ఓటు తీసుకుని చేయవచ్చు కదా?

అమెరికాలో ఈ తేడాను చట్టంలోనే రాసి పెట్టారు. 2017 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పన్ను చట్టం కార్పొరేట్ పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించింది. దానికి గడువు లేదు. అదే చట్టం వ్యక్తుల ఆదాయపు పన్నులో ఇచ్చిన తగ్గింపులకు మాత్రం 2025 చివరితో గడువు పెట్టింది. దీనికి సెనేట్ నిబంధనల చిక్కు ఒకటి ఉంది. మామూలు మెజారిటీతో ఆమోదించుకోవాలంటే పదేళ్ళ తర్వాత బడ్జెట్ లోటు పెరగకూడదు. కాబట్టి ఎవరో ఒకరి తగ్గింపుకు గడువు పెట్టక తప్పదు. ఎవరిదానికి పెట్టాలో ఎంచుకోవలసి వచ్చినప్పుడు కంపెనీలను వదిలి మనుషులను ఎంచుకున్నారు. నా దృష్టిలో ఆ చట్టం గురించి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన సంగతి ఇదే.

2025 జులై 4న సంతకమైన చట్టంతో వ్యక్తుల పన్ను రేట్లను కూడా శాశ్వతం చేశారు. కానీ అందులో కొత్తగా చేర్చినవాటిని చూడండి. 2024 జూన్‌లో లాస్ వేగస్ ప్రచార సభలో ట్రంప్ ఒక హామీ ఇచ్చారు, టిప్పుల మీద పన్ను ఉండదని. రెండు నెలలకు అదే నగరంలో ఆయన ప్రత్యర్థి కమలా హారిస్ కూడా అదే మాట ఇచ్చారు. ఆ నగరం ఉన్నది నెవాడాలో. హోటళ్ళు, కాసినోల మీద బతికే ఆ రాష్ట్రం గెలుపోటములను తేల్చే రాష్ట్రాల్లో ఒకటి. హామీ చట్టమైంది, ఏడాదికి 25,000 డాలర్ల టిప్పుల దాకా మినహాయింపు వచ్చింది. గడువు 2028 చివరి దాకా, అంటే సరిగ్గా తర్వాతి అధ్యక్ష ఎన్నికలు జరిగే సంవత్సరం దాకా. పైగా టిప్పుల మీద బతికేవారిలో మూడింట ఒకవంతుకు పైగా అప్పటికే ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన లేనివారని యేల్ విశ్వవిద్యాలయ బడ్జెట్ పరిశోధకులు లెక్కగట్టారు. కట్టని పన్నులో మినహాయింపు ఇస్తే చేతికి వచ్చేదేమిటి? మా గదులు ఊడ్చే ఆమెకూ, ఎవరూ చూడని వేళలో బల్లలు తుడిచే ఆ వడ్డన మనిషికీ ఇక్కడ ఒకే ప్రశ్న.

అదే చట్టం పేదల వైద్య సహాయ పథకం మెడికెయిడ్‌లో కోత పెట్టింది. అమెరికన్ కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం మొత్తం చట్టాన్ని కలిపి లెక్క వేసింది. ఆదాయంలో అట్టడుగున ఉన్న పదో వంతు కుటుంబాలు సగటున ఏడాదికి సుమారు 1,200 డాలర్లు నష్టపోతాయి. పైన ఉన్న పదో వంతు కుటుంబాలకు సుమారు 13,600 డాలర్లు లాభం. పన్ను తగ్గింపును ఒంటరిగా చూస్తే అందరికీ ఎంతో కొంత మేలు జరిగినట్టే కనిపిస్తుంది. దాని ఖర్చు ఎక్కడి నుంచి తెచ్చారో కలిపి చూసినప్పుడే అసలు లెక్క తేలుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ ఆ అత్త పేదరాలు, రోగి కూడా.

ఆదాయపు పన్ను కట్టనివారికి మేలు చేయాలంటే సరుకుల మీద పన్ను తగ్గించాలి అని ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి మన జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు తీసేసి చాలా వస్తువులను 5, 18 శాతాల్లోకి తెచ్చారు. రాబడిలో 48,000 కోట్ల రూపాయలు తగ్గుతాయని అంచనా చెప్పారు. నవంబరులో బిహార్ ఎన్నికలు. అంతకుముందు 2017లోనూ ఇలాగే జరిగింది. గువాహటి సమావేశంలో 178 రకాల వస్తువులను 28 శాతం నుంచి 18కి దించిన నెల రోజులకు గుజరాత్ పోలింగ్. సమయం ఏదైనా తగ్గింపు మంచిదే, నాకు అభ్యంతరం లేదు. కానీ సరుకు మీద పన్ను తగ్గినప్పుడు ఆ డబ్బు ముందుగా చేరేది అమ్మేవాడి గల్లాపెట్టెలోకి. అక్కడి నుంచి కొనేవాడి జేబులోకి ఎంత వస్తుందన్నది ఏ గెజిట్‌లోనూ రాసి ఉండదు.

ఈ విషయంలో ఫ్రాన్స్ అనుభవం తెలిశాక నా ఉత్సాహం చాలా చల్లబడింది. రెస్టారెంట్ల మీద వ్యాట్ (మన జీఎస్టీ లాంటి పన్ను) తగ్గిస్తానని 2002 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో జాక్ షిరాక్ హామీ ఇచ్చారు. ఐరోపా సమాఖ్య ఒప్పుకోవలసి ఉండడంతో అది ఏళ్ళ తరబడి నానింది. చివరకు 2009 జులై 1న 19.6 శాతం నుంచి ఏకంగా 5.5 శాతానికి తగ్గించారు. ధరలు తగ్గిస్తామని, ఉద్యోగాలు పెంచుతామని యజమానుల సంఘాలు ప్రభుత్వంతో ఒప్పందం కూడా రాసుకున్నాయి. యూసఫ్ బెంజార్తి, డోరియన్ కార్లోని అనే ఆర్థికవేత్తలు తర్వాత ఈ లెక్కలన్నీ తిరగేశారు. తగ్గిన పన్నులో సగానికి పైగా, 55 శాతం దాటి, యజమానుల దగ్గరే ఉండిపోయింది. మిగిలినది ఉద్యోగులు, సరఫరాదారులు, వినియోగదారులు పంచుకున్నారు. వీరందరిలో అతి తక్కువ దక్కింది వినియోగదారులకే, అంటే ఎవరి పేరు చెప్పి తగ్గించారో వారికే. తర్వాత ఆ పన్ను 2012లో 7 శాతానికి, 2014లో 10 శాతానికి పెరిగింది.

ఫిన్లాండ్ కథ ఇంకా విడ్డూరం. అక్కడ క్షౌరశాలల మీద వ్యాట్‌ను 2007లో 22 శాతం నుంచి 8కి తగ్గించారు, 2012లో మళ్ళీ 23కి పెంచారు. పన్ను తగ్గినప్పుడు ధరలు ఎంత దిగాయో, పెరిగినప్పుడు దానికి రెట్టింపు ఎక్కాయి. బెంజార్తి బృందం ఐరోపా దేశాల వ్యాట్ మార్పులను గుదిగుచ్చి చూసినా ఇదే ధోరణి కనిపించింది. ఎన్నికల కోసం తాత్కాలికంగా తగ్గించి, తర్వాత తిరిగి పెంచితే కొనుగోలుదారు మొదలుపెట్టిన చోటికన్నా వెనక్కి వెళ్ళే ప్రమాదం ఉందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

మన దగ్గర ఇలాంటివి పట్టుకోవడానికి 2017లో జాతీయ స్థాయిలో అక్రమ లాభార్జన నిరోధక సంస్థను పెట్టారు. తగ్గిన పన్నును ధరలో చూపించని కంపెనీల మీద అది ఉత్తర్వులు కూడా ఇచ్చింది. 2022 డిసెంబరులో ఆ పనిని కంపెనీల మధ్య పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్‌కు అప్పగించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం మానేశారు. జీఎస్టీ వచ్చాక అతి పెద్ద తగ్గింపు అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. ధరలను గమనిస్తామని ప్రభుత్వం చెప్పింది. గమనించడం వేరు, ఫిర్యాదు చేసే హక్కు చట్టంలో ఉండడం వేరు.

పెట్రోలు సంగతి కొన్ని వాక్యాల్లో చెబుతాను, ఎందుకంటే అది కూడికలు తీసివేతలతో తేలిపోతుంది. 2020 మార్చిలో, మే నెలలో ముడిచమురు ధర కుప్పకూలిన వేళ కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలు మీద లీటరుకు మొత్తం 13 రూపాయలు, డీజిలు మీద 16 రూపాయలు పెంచింది. 2021 నవంబరులో పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 తగ్గించారు. మూడు నెలలకు ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో పోలింగ్. 2022 మే నెలలో మరో 8, 6 తగ్గించారు. కూడి చూడండి, సరిగ్గా 13, సరిగ్గా 16. రెండుసార్లు కానుకగా ప్రకటించినది అంతకుముందు మన దగ్గర తీసుకున్నదే. మధ్యలో రెండేళ్ళపాటు కట్టిన సొమ్ము ఎవరికీ తిరిగి రాలేదు.

తగ్గింపును ప్రకటిస్తారు, పెంపును ప్రకటించరు. బ్రిటన్‌లో 2024 జులై ఎన్నికలకు ముందు పింఛన్ల వంటివాటి కోసం జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ చందాను జనవరిలో 12 శాతం నుంచి 10కి, ఏప్రిల్‌లో 8కి తగ్గించారు. పార్లమెంటులో దీని మీద ప్రసంగాలు సాగాయి. అదే సమయంలో పన్ను పడని ఆదాయ పరిమితి 12,570 పౌండ్ల దగ్గర 2021 నుంచి కదలకుండా ఉంది. జీతాలు ధరలతో పాటు పెరుగుతుంటే పరిమితి పెరగదు, ఏటా మరికొంత జీతం పన్ను కిందకు జారుతుంది. పరిమితిని ఒకసారి ఆపేశాక దీనికి ఏటా ప్రసంగం అవసరం లేదు, ఓటింగు అవసరం లేదు. కొద్దిపాటి జీతంతో పరిమితికి ఆ అంచున ఉన్నవారే కొత్తగా పన్ను పరిధిలోకి వస్తారు.

హంగరీలో అప్పటి ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వం మరో అడుగు ముందుకు వేసింది. 2022 ఏప్రిల్ 3న ఎన్నికలు. పిల్లలున్న కుటుంబాలకు అంతకుముందు ఏడాది కట్టిన ఆదాయపు పన్నును ఫిబ్రవరిలోనే తిరిగి ఇచ్చేశారు, సగటు జీతం మీద పడే పన్ను మేరకు. సగటు జీతం లేని తల్లిదండ్రులకు సహజంగానే తక్కువ వచ్చింది. ఓర్బాన్ ఘన విజయం సాధించారు. జులైలో చిన్న వ్యాపారుల సులభ పన్ను పథకాన్ని చాలామందికి అందకుండా చేశారు, బుడాపెస్ట్ వంతెనల మీద జనం బైఠాయించారు. ఇంటి కరెంటు, గ్యాసు రాయితీలనూ కుదించారు. 2023 జనవరిలో ద్రవ్యోల్బణం 25.7 శాతానికి చేరింది. ఉక్రెయిన్ యుద్ధం, ఇంధన ధరలు అందుకు ప్రధాన కారణాలు, ఆ పన్ను వాపసు ఒక్కటే కారణమనడం అన్యాయం అవుతుంది. అయితే ఏరు దాటాక తెప్ప తగలేయడం అన్న మాటకు ఆ జులై నెలకన్నా సరైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదంతా రాస్తున్నప్పుడు ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు: "కష్టపడి సంపాదించినవాడి డబ్బు వాడి దగ్గర ఉంటే నీకేమిటి బాధ?" బాధేమీ లేదు. వేతనజీవి ఆదాయం దాచుకోలేడు, జీతంలోంచి ముందే కోసేస్తారు, అతనికి ఊరట దక్కితే నాకు సంతోషమే. నేనూ ఆ వరుసలోదాన్నే. నేను అడిగేది ఆ వరుస వెనక నిలబడ్డవారి గురించి. పన్ను ద్వారానే వారికి చేరడం సాధ్యమా అంటే సాధ్యమే, చేసి చూపించారు కూడా.

2021లో అమెరికాలో పిల్లల పన్ను రాయితీని ఏడాదిపాటు మార్చారు. కట్టవలసిన పన్ను లేని తల్లిదండ్రులకు కూడా పూర్తి మొత్తం ఇచ్చారు, సగం సొమ్మును నెలనెలా బ్యాంకు ఖాతాల్లో వేశారు. ప్రభుత్వ సహాయాన్ని కూడా కలుపుకుని లెక్కించే అనుబంధ కొలమానం ప్రకారం ఆ ఏడాది అక్కడ పిల్లల్లో పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. డిసెంబరుతో గడువు ముగిసింది, పొడిగించలేదు. 2022లో అది 12.4 శాతానికి ఎగబాకింది. పన్ను చట్టంలో చిన్న మార్పుతో లక్షల మంది పిల్లలు ఒక్క ఏడాదిలో పేదరికం నుంచి బయటపడ్డారు, తర్వాతి ఏడాదే తిరిగి అందులో పడ్డారు. కంపెనీల 21 శాతం మాత్రం అలాగే ఉంది. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాయడానికి నా చెయ్యి ఆడలేదు.

సెప్టెంబరు చివర్లో మా గదులు ఊడ్చే ఆమెకు ఎనిమిది నెలల ఆలస్యంగా జవాబు చెప్పాను. సబ్బు మీద పన్ను 18 నుంచి 5కి తగ్గిందని, పాకెట్ మీద పాత ధర, కొత్త ధర చూసి కొనమని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, పాకెట్ మీద ధర ఎక్కడ రాస్తారో అడిగి తెలుసుకుంది. తర్వాత కొంగున ఉన్న ఫోను తీసి చూపిస్తూ "మరి దీని రీచార్జికో అమ్మా?" అంది.

"దానికి తగ్గించలేదు. 18 శాతం అలాగే ఉంది" అన్నాను.